ఖాళీ గదికి కాపలా

వరద నెల 3, పొద్దున

యంత్రం గదిలో కూర్చున్నవాళ్ళు ఆ రోజు జరిగింది ఆ రోజే ఈ పుస్తకంలో రాయాలి. ఈ పాత ధాన్యపు గాదెల్లో కాపురముండే మా అందరికీ అది నియమం. రెండేళ్ళుగా మా ఆయన చెబుతుంటే నేను రాశాను. ఆయన చేతిరాత కుదురుగా ఉండదు కాబట్టి ఆ పని నాకు పడింది. ఇవాళ చెప్పేవాళ్ళు లేరు, నేనే రాస్తున్నాను. నేను చదివింది అయిదు తరగతులు. తప్పులుంటే తరవాత కూర్చునేవాళ్ళు దిద్దుకోవాలి.

కాపలా పెట్టె పాడై ఆరు రోజులైంది. ఉప్పుగాలి దాని లోపలి పలకను తినేసింది. మూత తీస్తే పచ్చటి పొడి రాలింది. ఆ పెట్టె మన గాదెలకీ ఎగువ లైనుకీ మధ్య ఉండేది. ఎగువ కట్టవాళ్ళు నీళ్ళు వదిలే ముందు ఆ లైను మీదే కబురు పంపుతారు. కబురు రాగానే ఈ గదిలో మీట నొక్కితే నాలుగో గాదె అడుగున, మురుగు పోవడానికి బెత్తెడు ఎత్తి ఉంచే నాలుగు తూము తలుపులు మోటార్లతో పూర్తిగా కిందికి దిగుతాయి. దిగకపోతే అడుగు అంతస్తు గంటలో మునుగుతుంది. పైన చోటు లేక అక్కడ ఇరవై నలుగురు కాపురం ఉంటున్నారు. మా ఆడపడుచు లోవ కూడా అక్కడే ఉంది. కాన్పయి తొమ్మిది రోజులు.

పెట్టె లేకుండా లైను తగిలించడానికి వీల్లేదు. లైను మీద పురుగులు తిరుగుతుంటాయి. పాతకాలంలో ఎవరో రాసి వదిలిన ప్రోగ్రాములవి. రాసినవాళ్ళు పోయారు, ఇవి పోలేదు. ప్రతి యంత్రం తలుపూ తట్టి చూస్తాయి. ఎక్కడైనా మోటారు కనిపిస్తే తిప్పుతాయి. ఎందుకు తిప్పుతాయో ఎవరికీ తెలియదు. వాటిని వెనక్కి పంపి, ఎగువ కబురును మాత్రం లోపలికి రానివ్వడమే కాపలా పెట్టె పని. పెట్టె పోయిన రోజునే గాదెల పెద్ద తాతాజీగారు లైను ఊడబీకించారు. అప్పటినుంచి కప్పు మీద ఇద్దరు మనుషులు ఏటివైపు చూస్తూ కూర్చుంటున్నారు. వాళ్ళకు నీళ్ళు కనిపించేసరికి మనకు మిగిలేది పావుగంట.

కొత్త పెట్టె కోసం మా ఆయన జోజప్ప సరంగు పడవలో ఎగువ కట్టకు వెళ్ళారు. ఇవాళ పడవ వచ్చింది, ఆయన రాలేదు. కట్ట దగ్గర జ్వరాలట. దిగినవాళ్ళందరినీ ఇరవై రోజులు పాకల్లో ఉంచుతున్నారట. జోజప్ప ఒడ్డు దిగలేదు కాబట్టి వదిలారు. గోరంత చిప్పూ, మడత పెట్టిన కాగితమూ తెచ్చి ఇచ్చాడు. పెట్టె ఎక్కడా దొరకలేదు, ఒళ్ళు లేని పెట్టె దొరికింది అని ఆయన రాశారు. అంటే కాపలా పెట్టె చేసే పనంతా ఒక ఫైలుగా ఉంటుంది. దాన్ని మన సర్వరులో పెట్టి లేపితే, సర్వరు లోపలే ఇంకో యంత్రం ఉన్నట్టు నడుస్తుంది. ఎలా లేపాలో కాగితంలో ఉంది.

తాతాజీగారు కబురు చేస్తే అత్తయ్య వెనకాల వెళ్ళాను. గదినిండా మగవాళ్ళున్నారు. ఈ కాగితం చదివి పని చెయ్యగలిగేది ఎవరని ఆయన అడిగారు. నేను తల ఎత్తలేదు. అత్తయ్యే చెప్పింది.

"మా కోడలు చేత్తదండి. మాట రాదు గానీ దానికి రాత వచ్చు."

వరద నెల 4

కాగితంలో మొదటి పని సర్వరును అడగడం, ఇంకో యంత్రాన్ని లోపల మొయ్యగలవా అని. మన సర్వరు లినక్స్ మీద నడుస్తుంది. మాటలు టైపు చేస్తే అది మాటలతోనే జవాబిస్తుంది. నాకు అది సులువు, ఎవరి మొహమూ చూడక్కర్లేదు. అడిగాను. మొయ్యగలనంది.

అత్తయ్య గుమ్మంలో కూర్చుని జొన్నలు బాగుచేస్తోంది. ఏమందని అడిగితే చెప్పాను. "ఈ యంత్రానికీ కడుపేనా? దీని పురిటికి ఎవరు పత్యం వండాలి?" అంది. కాపలా పెట్టె పాడయ్యాక నేను నవ్వింది అప్పుడే.

తరవాత చిప్పులోని ఫైలును సర్వరులోకి ఎక్కించాను. దారిలో ఏమీ చెడలేదని తేల్చుకోవడానికి అరవై నాలుగు అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. కాగితంలో ఉన్నదీ, సర్వరు చూపేదీ ఒకటే కావాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫైలు పారెయ్యమని ఆయన రాశారు. నేను ఒక్కో అక్షరం రెండు చోట్లా చూసి పైకి చదువుతుంటే, అత్తయ్య ఒక్కో జొన్నగింజ పక్కకు జరిపింది. ఆమెకు చదువు రాదు గానీ లెక్క తప్పదు. నలభై ఏళ్ళు కుంచంతో గింజ కొలిచిన చెయ్యి.

"లాభం, రెండు, మూడు, నాలుగు" అంటూ జరిపింది. గాదెల్లో ఎవరూ మొదటిదాన్ని ఒకటి అనరు. మొదటి కుంచం లాభం, దాని తరవాతిది రెండు. గింజలే కాదు, మెట్లు లెక్కపెట్టినా, పిల్లల్ని లెక్కపెట్టినా అంతే. బళ్ళో పంతులమ్మ ఒకటి అని నేర్పేది. ఇంటికి వచ్చి అలా అంటే వీపు మీద పడేది.

అరవై నాలుగు గింజలూ సరిపోయాయి.

వరద నెల 5

సర్వరు జ్ఞాపకంలో నాలుగో వంతు కొత్త కాపలాకు ఇచ్చాను. కాగితంలో అంతే ఇమ్మని ఉంది. కరెంటు పోయి వస్తే తనంతట తానే లేచేలా కూడా పెట్టాను.

తీగలు కలపడం చివరి పని. ఇవి చేత్తో పట్టుకునే తీగలు కావు. తెర మీద కొత్త కాపలాకు నాలుగు మూతులు కనిపిస్తాయి. వాటి పక్కన 0, 1, 2, 3 అని ఉంది. ఏ మూతికి ఏ తీగ కలపాలో టైపు చేసి చెప్పాలి. కాగితంలోది ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను. "నీకు తెలిసే లెక్కలోనే రాస్తున్నా. లాభం మూతి మనం దాన్ని చూసుకోవడానికి. రెండో మూతికి మన గాదెల తీగ. మూడో మూతికి ఎగువ లైను. మిగిలింది వదిలెయ్."

అన్నిటికన్నా ముందున్నది 0, అది లాభం. 2కి గాదెల తీగ కలిపాను. 3కి ఎగువ లైను కలిపాను. 1 మిగిలింది. వదిలేశాను.

మధ్యాహ్నం జోజప్ప చేత లైను తగిలించారు. గదిలో పదిమంది నిలబడ్డారు. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. పావుగంటకు ఎగువ నుంచి కబురు వచ్చింది: "కట్ట నీటిమట్టం పద్దెనిమిది. వదలడం లేదు." నేను చదివి అత్తయ్య చెవిలో చెప్పాను. అత్తయ్య అందరికీ చెప్పింది. తాతాజీగారు కప్పు మీద మనుషుల్ని దిగిపొమ్మన్నారు. లోవకు చెబుదామని అడుగు అంతస్తుకు దిగితే, బిడ్డకు నా పేరు పెడతానని వేళాకోళం చేసింది. "నీలా నోరు లేకుండా పెరిగితే నాకు సుకం వదినా" అంది.

వరద నెల 7

మూడో తూము తలుపు మిట్టమధ్యాహ్నం వేలెడంత పైకి లేచింది. ఎవరూ మీట నొక్కలేదు. నేను ఇక్కడే ఉన్నాను. మోటారు మనిషి వచ్చి పళ్ళచక్రానికి తుప్పు పట్టిందని ఆముదం రాసి దింపాడు. ఇంకేమీ లేదు.

వరద నెల 9

ఇవాళ రెండో తలుపూ మూడో తలుపూ లేచాయి. జానెడు లేచి, కాసేపు ఆగి, దిగాయి. మళ్ళీ లేచాయి. అడుగు అంతస్తువాళ్ళు చూస్తూ నిలబడ్డారట. లోవ చెప్పింది, ఎవరో అవతలినుంచి ఎత్తి తొంగిచూసినట్టు ఉందట. మోటారు మనిషి ఈసారి చక్రాలు ఊడదీసి కడిగాడు.

కొత్త కాపలా తెరలో "వెనక్కి పంపినవి" అని ఒక లెక్క ఉంటుంది. పాత పెట్టె రోజుకు మూడు వేలో నాలుగు వేలో చూపేది. ఆయన చెబితే రోజూ రాసేదాన్ని. కొత్తదానిలో మొదటి రోజు సున్నా, ఇవాళా సున్నా. ఇది మంచిదే అనుకున్నాను. కొత్త కాపలాకు జడిసి పురుగులు దగ్గరికి రావడం లేదనుకున్నాను. తాతాజీగారు అడిగిస్తే అత్తయ్యతో అదే చెప్పించాను. ఆయన మెచ్చుకున్నారట.

కానీ పొద్దుటినుంచి ఆ సున్నా నాకు మింగుడుపడటం లేదు. మా ఆయనను అడిగితే క్షణంలో చెబుతారు. లైను మీద ఎగువకు రాసి పంపవచ్చు. కానీ పాకల్లో ఉన్నవాళ్ళకు వచ్చే కబుర్లన్నీ అక్కడ మైకులో చదివి వినిపిస్తారని జోజప్ప చెప్పాడు. రెండు వందలమంది మధ్యలో నా పేరూ ఆయన పేరూ చదువుతారు. ఏం రాయాలో రెండుసార్లు టైపు చేసి చెరిపేశాను.

వరద నెల 11

ఇవాళ రాయాల్సింది చాలా ఉంది.

పొద్దున్నే కప్పు మీద జొన్నలు కొలుస్తుంటే సంచులు పట్టుకోవడానికి వెళ్ళాను. అత్తయ్య కొలుస్తోంది. కుంచం ముంచి బోర్లిస్తూ "లాభం" అంది. రెండోసారి బోర్లిస్తూ "రెండు" అంది. నా చేతిలో సంచి మూతి వదులైపోయింది. గింజ కింద పడిందని అత్తయ్య కేకలేసింది. నేను వినలేదు. సంచిలో ఉన్నవి రెండు కుంచాలే. మధ్యలో ఇంకేదీ లేదు.

పరుగున దిగి తెర ముందు కూర్చున్నాను.

తెలిసింది ఇది. మన లెక్కలో లాభం మొదటిది, రెండు దాన్ని అంటుకుని వచ్చేది. యంత్రం లెక్కలో మొదటిది 0. దాన్ని అంటుకుని వచ్చేది 1. ఆయన రెండో మూతి అని రాస్తే అది 1. మూడో మూతి అంటే 2. వదిలెయ్యమన్నది 3. నేను అంకెను చూశాను గానీ వరసను చూడలేదు. లాభం తరవాత రెండు అని నోరు పలుకుతుంది కాబట్టి 0 తరవాత 2 దగ్గరికే వెళ్ళాను. మధ్యలో 1 ఖాళీగా ఉంటే వింతగా తోచలేదు. మన లెక్కలో ఆ మాటే ఉండదు.

ఫైలుతోపాటు వచ్చిన వివరం మొత్తం చదివాను. 1 లోపలివాళ్ళ మూతి. 2, 3 రెండూ బయటివాళ్ళ మూతులు. బయటినుంచి లోపలికి వచ్చేవాటిని ఈ కాపలా ఆపి చూస్తుంది. బయటివాళ్ళు బయటివాళ్ళతో మాట్లాడుకుంటే అడ్డుపడదు. నేను ఎగువ లైనును బయట కలిపాను, మన గాదెలనూ బయటే కలిపాను. ఆరు రోజులుగా ఇది ఖాళీ గదికి కాపలా కాస్తోంది. పురుగులు దాని ముందునుంచే తూముల దగ్గరికి నడిచి వెళుతున్నాయి.

మార్చడానికి కాపలాను ఆపి, తీగలు విప్పి, మళ్ళీ కలిపి లేపాలి. అరగంట పడుతుందేమో. ఆ అరగంట లైను ఉండదు. ఎగువ కట్ట మట్టం ఇరవై ఆరు దాటిందని పొద్దున కబురు వచ్చింది. నీళ్ళు వచ్చి పోయేదాకా లైనును ఎవరూ ముట్టుకోకూడదని తాతాజీగారి ఆజ్ఞ. ఆయనను అడగకుండా ముట్టుకోలేను.

వెళ్ళాను. అత్తయ్య కప్పు మీద ఉంది, పిలవలేదు. పిలిస్తే కారణం చెప్పాలి. పెద్దల గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపల నలభైమంది దాకా ఉన్నారు. ఇసుక బస్తాలు ఎక్కడ వెయ్యాలా అని మాట్లాడుకుంటున్నారు. తాతాజీగారు నన్ను చూసి అన్నారు.

"ఏమ్మా గనిరాజు పెళ్ళామా, కబురేవన్నా వచ్చిందా?"

అందరూ తిరిగారు. చెప్పాల్సిన మాట నోట్లో ఉంది. నేను తప్పు కలిపాను, తలుపులు లేస్తున్నది తుప్పువల్ల కాదు అని. అంతే.

"లేదండి" అన్నాను.

అక్కడినుంచి అడుగు అంతస్తుకు వెళ్ళాను. లోవ బిడ్డకు పాలిస్తోంది. రేపొక్కరోజు పైకి వచ్చి నా గదిలో పడుకోమన్నాను.

"ఈ ఇనప నిచ్చెన ఎక్కితే కుట్లు ఊడిపోతాయి వదినా. ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే అయితే నువ్వే దిగిరా" అంది.

తిరిగి వచ్చి ఇది రాస్తున్నాను. ఎగువ కట్టవాళ్ళు రేపు వదులుతారని అనుకుంటున్నారు. ఇప్పటిదాకా తలుపులు లేచింది రెండు రోజులే, ఎప్పుడూ జానెడుకు మించలేదు. రేపు నీళ్ళు పోగానే తీగలు మారుస్తాను. ఎవరికీ చెప్పక్కర్లేకుండానే అయిపోతుంది.

వరద నెల 12

పది గంటలకు కబురు వచ్చింది. కట్ట ఆరు గేట్లు ఎత్తుతున్నారు. మీట నొక్కాను. నాలుగు దీపాలూ పచ్చగా వెలిగాయి. నాలుగు తలుపులూ దిగినట్టు లెక్క.

పదకొండున్నరకు నీళ్ళు గాదెలను తాకాయి. నేల అదిరింది.

పన్నెండుకు మూడో దీపం ఎర్రగా మారింది. మీట నొక్కాను. పచ్చగా అయింది. మళ్ళీ ఎర్రన. రెండోది కూడా ఎర్రన. నేను దించుతుంటే అవి ఎత్తుతున్నాయి. లేచి లైను తీగ పట్టి లాగేశాను. పురుగుల దారి తెగింది. కానీ అప్పటికి రెండు తలుపులూ సగానికి పైగా లేచాయి. నీటి ఉరవడికి మోటార్లు దించలేకపోయాయి. చేతిచక్రం పట్టుకుని నలుగురు మగవాళ్ళు తిప్పారు. దిగడానికి నలభై నిమిషాలు పట్టింది.

పద్దెనిమిది మంది నిచ్చెన ఎక్కారు. అక్కడ ఉండే ఒకామె రెండు రోజులుగా పడవ మీద బయట ఉంది. లోవా, గోడపక్క మంచాల మీద ఉండే ముసలివాళ్ళు ముగ్గురూ ఎక్కలేకపోయారు.

బిడ్డను అత్తయ్య పొద్దుటి ఎండకు కప్పు మీదికి తీసుకువెళ్ళింది. నీళ్ళు పోటెత్తితే చూద్దామని అక్కడే ఉండిపోయింది.

వరద నెల 14

నిన్న రాయలేదు. దహనాలకు పడవల మీద వెళ్ళారు.

ఇవాళ పొద్దున తీగలు మార్చాను. 1కి గాదెల తీగ, 2కి ఎగువ లైను. ఎవరినీ అడగలేదు. ఇరవై నిమిషాలు పట్టింది. "వెనక్కి పంపినవి" లెక్క మధ్యాహ్నానికి పదకొండు వందలు దాటింది.

పెద్దలు తలుపులు చూసి తుప్పు అని తేల్చారు. మోటారు మనిషి తలవంచుకుని నిలబడ్డాడట. అతన్ని ఆ పనినుంచి తీసేశారు. సాయంత్రం అతని భార్య నీళ్ళ కుళాయి దగ్గర ఒక్కతే ఉంది. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు.

పొద్దున లైను మళ్ళీ తగిలించగానే మా ఆయనకు దాని మీద అంతా రాసి పంపాను. మైకులో చదివి ఉంటారు. సాయంత్రమే జవాబు వచ్చింది: "తప్పు నా కాగితానిది. యంత్రం లెక్కలో రాసి ఉండాల్సింది. నేను వచ్చాక నేనే చెబుతా. నువ్వు ఎవరితోనూ ఏమీ అనకు. పుస్తకంలో తుప్పు అనే రాయి."

ఆయన చెప్పింది రాయకపోవడం ఇదే మొదటిసారి.

అత్తయ్య బిడ్డకు మేకపాలు దూదితో పట్టిస్తోంది. పక్కన కూర్చుని చెప్పాను. లాభం సంగతీ, అంకెల సంగతీ, ఖాళీ మూతి సంగతీ. ఆమె చెయ్యి ఆగలేదు. దూది ముంచుతూనే ఉంది. అంతా విన్నాక అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"పదకొండో తారీకు పొద్దున."

"మరి నీళ్ళొచ్చింది?"

"పన్నెండున అత్తయ్యా."

ఆమె బిడ్డ మూతి తుడిచింది. లేచి బిడ్డను తీసుకుని వాళ్ళ అక్కగారి గాదెకు వెళ్ళిపోయింది.

వరద నెల 16

ఇవాళ పెద్దల గదికి వెళ్ళాను. ఈసారి గుమ్మం దాటి లోపలికి వెళ్ళాను. మాటలు తడబడతాయని ఈ పుస్తకం పట్టుకువెళ్ళాను. అయిదో తారీకు నుంచి పద్నాలుగో తారీకు దాకా రాసింది రాసినట్టు చదివాను. రెండుచోట్ల వరస తప్పాను. మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివాను. నేను "లేదండి" అన్నది చదువుతున్నప్పుడు ఎవరో దగ్గారు.

చదవడం అయిపోయింది. చనిపోయిన ముసలివాళ్ళలో ఒకరి కొడుకు లేచి నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. పుస్తకం తీసుకుని, చదవడం రాదు కాబట్టి ఆ పేజీని కాసేపు ఊరికే చూసి, తిరిగి ఇచ్చేశాడు.

మోటారు మనిషిని మళ్ళీ పనిలోకి తీసుకోమని తాతాజీగారు చెప్పారు. నా గురించి ఒక మాటన్నారు.

"నిన్నేం చెయ్యాలో నాకు తెలీటం లేదమ్మా. తీసేద్దావంటే ఇది చదివేవోళ్ళు ఇంకోళ్ళు లేరు. ఎల్లి నీ పని చూసుకో."

అదే నా శిక్ష అనుకుంటున్నాను. యంత్రం గదికి వచ్చి కూర్చున్నాను. లెక్క చూశాను. వెనక్కి పంపినవి నాలుగు వేల మూడు వందల పన్నెండు.

వరద నెల 19

అడుగు అంతస్తువాళ్ళు కిందికి వెళ్ళడం లేదు. మెట్ల మీదా, వసారాల్లోనూ పడుకుంటున్నారు. కాపలా ఇప్పుడు సరిగానే ఉందని తాతాజీగారు చెప్పించినా నమ్మలేదు. నేను వాళ్ళను తప్పు పట్టను. తలుపులు అయిదు రోజులుగా కదలలేదు. కానీ వాటి మీద నీళ్ళు నిలబడి చూసింది లేదు.

నేను దారిలో వెళుతుంటే వాళ్ళు కాళ్ళు ముడుచుకుని చోటిస్తారు.

అత్తయ్య రాలేదు. బిడ్డ బాగానే ఉందని జోజప్ప చెప్పాడు.

వరద నెల 23

తొమ్మిది గంటలకు ఎగువ కబురు వచ్చింది. నాలుగు గేట్లు. మీట నొక్కాను. నాలుగు దీపాలూ పచ్చన. మీట దగ్గర జోజప్పను కూర్చోబెట్టాను. దీపం ఎర్రగా మారితే ఏ తీగ లాగాలో రెండుసార్లు చూపించాను. తరవాత పుస్తకం తీసుకుని నాలుగో గాదె నిచ్చెన దిగాను. వసారాలో ఉన్నవాళ్ళు చూశారు. ఎవరూ ఆపలేదు.

ఇది అడుగు అంతస్తులోనే కూర్చుని రాస్తున్నాను. నేల ఇంకా బురదగా ఉంది. మూడో తలుపుకు ఎదురుగా తిరగేసిన గంప మీద కూర్చున్నాను. ఇక్కడినుంచి చూస్తే తలుపు కింది అంచూ, అది దిగే గాడీ కనిపిస్తాయి.

పదిన్నరకు నీళ్ళు వచ్చాయి. మొదట దూరంగా బండి నడిచినట్టు ఉంది. తరవాత తలుపు మొత్తం ఒక్కసారి మోగింది. గోడలోంచి చల్లదనం వీపుకు తెలిసింది. అంచు కదలలేదు.

పదకొండుకు నిచ్చెన మీద అడుగుల చప్పుడైంది. అత్తయ్య దిగింది. చేతుల్లో బిడ్డ లేదు. లోవ మంచం ఉండే చోటికి వెళ్ళి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, తడినేల మీదే గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఎందుకొచ్చారత్తయ్యా?"

"చూడ్డానికి" అంది.

తలుపునా, నన్నా అని నేను అడగలేదు. నీళ్ళు ఇప్పుడు తలుపుకు మూడో వంతు దాకా వచ్చి ఉంటాయి. ఇనుము కిర్రుమంటోంది. ఇద్దరం అంచు వైపే చూస్తున్నాం.